మందుకు కౌలు ఎన్నాళ్లు?

పిఠాపురంలో చాలా ఏళ్లు మందుల షాపు నడిపి, ఈమధ్యే దాన్ని కొడుక్కి అప్పగించిన మేనమామ ఒకరు. హైదరాబాదులో పేటెంట్ ఏజెంటుగా, మందుల కంపెనీల తరఫున దరఖాస్తులు రాసే మేనకోడలు ఇంకొకరు. సంక్రాంతికి ఆమె ఊరొచ్చింది. కనుమ నాడు భోజనాలయ్యాక అరుగు మీద మొదలైన వాదన దీపాలు పెట్టే వేళ దాకా తెగలేదు. ఇద్దరికీ విషయం తెలుసు, ఇద్దరికీ పట్టుదల ఉంది. మాటకు మాట ఎలా నడిచిందో అలాగే పెడుతున్నాం.

మేనమామ: అమ్మాయ్, మీ హైదరాబాదు నాట్కో వాళ్లు 2025 అక్టోబరులో భలే పని చేశారు. పుట్టుకతోనే నరాల జబ్బు వచ్చి కండరాలు చచ్చుబడిపోయే పిల్లలకిచ్చే రిస్డిప్లామ్ ఉంది చూడు, రోష్ కంపెనీది సీసా 6 లక్షల పైమాటే. నాట్కో అదే మందు 15,900 రూపాయలకు తెచ్చింది. పదహారు వేలకు అమ్మినా గిట్టే సరుకును ఆరు లక్షలకు అమ్మడాన్ని మీ పుస్తకాల్లో ఏమంటారో గాని, మా బజార్లో దోపిడీ అంటారు.

మేనకోడలు: పదహారు వేలలో ఉన్నది తయారుచేసిన ఖర్చు మావయ్యా, కనిపెట్టిన ఖర్చు కాదు. ఆ జబ్బుకు 2016 చివరిదాకా ప్రపంచంలో మందంటూ లేదు. నోటితో తీసుకునే మందుగా రిస్డిప్లామ్ అమెరికాలో అనుమతి పొందింది 2020లో. ఒక్క మందు నిలబడటానికి ఎన్ని అణువులు మధ్యలో రాలిపోతాయో మీకు తెలియంది కాదు. రెడ్డి ల్యాబ్స్ పెట్టిన మన అంజిరెడ్డిగారినే తీసుకోండి. 1997లో ఆయన కంపెనీ బాలాగ్లిటజోన్ అనే షుగరు మందు అణువును కనిపెట్టి, డెన్మార్కు కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చింది. సొంత అణువును విదేశీ కంపెనీకి ఇచ్చిన తొలి భారతీయ కంపెనీ అదే. ఆ వెనకే ఇచ్చిన రాగాగ్లిటజార్, జంతువుల్లో కణితులు కనబడి 2002లో ఆగిపోయింది. బాలాగ్లిటజోనూ చివరికి బజారుకు రాలేదు. అన్నేళ్ల డబ్బూ నీళ్లపాలే. నెగ్గిన మందు మీద కూడా లాభం వద్దంటే, ఓడిపోయిన మందుల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

మేనమామ: మరి కోర్టుకు ఆ బాధ ఎందుకు పట్టలేదో?

మేనకోడలు: కోర్టు చెప్పింది మీరనుకుంటున్నది కాదు. పేదవాళ్లకు అందాలి గనక నాట్కో చేసుకోవచ్చు అని ఢిల్లీ హైకోర్టు అనలేదు. ఈ అణువు రోష్ పాత పేటెంటులోంచే ఊహించగలిగేది, కాబట్టి కొత్త పేటెంటు చెల్లుతుందా అన్నదే అనుమానం, అందుకని నాట్కోను ఆపం అంది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అంటే పేటెంటు చట్టమే తన పని తాను చేసింది. మీరు తిడుతున్న చట్టం అదే.

పేటెంటంటే శాశ్వత పట్టా కాదు మావయ్యా, కౌలు. కనిపెట్టినవాడు కిటుకంతా కాగితం మీద పెట్టి లోకానికి చెప్పాలి. బదులుగా ఇరవై ఏళ్లు వాడొక్కడే పండించుకుంటాడు. గడువు తీరాక పొలం ఊరిది.

మేనమామ: కౌలే అనుకుందాం. గడువు దగ్గరపడేసరికి గట్టు ఓ జానెడు జరిపి, ఇది కొత్త చేను, మళ్లీ ఇరవై ఏళ్లకు రాయండి అంటే? గ్లివెక్ సంగతి అంతేగా! రక్త క్యాన్సరు మందు. నోవార్టిస్ వాళ్లు పాత ఇమాటినిబ్‌నే వేరే స్ఫటిక రూపంలోకి మార్చి పేటెంటు అడిగారు. వాళ్ల మందు నెలకు సుమారు లక్షా ఇరవై వేలు. మనవాళ్లది ఎనిమిది, పది వేలు. చెన్నై పేటెంటు ఆఫీసు 2006లో కాదంది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టూ కాదంది. ఆ కేసులో ఎదురు నిలబడ్డవాళ్లలో క్యాన్సరు రోగుల సంస్థతోపాటు మన నాట్కో, హెటిరో కూడా ఉన్నాయి. సెక్షన్ 3(డి) అనే ఆ చిన్న ముక్క చట్టంలో లేకపోతే, ఆ రోగులు ఏమైపోయేవాళ్లు?

మేనకోడలు: 3(డి)ని నేను కాదనను. జబ్బు మీద పనితనం పెరగకుండా రూపం మాత్రం మార్చి తెస్తే పేటెంటు ఇవ్వకూడదు. అది న్యాయమే. నేను రాసిన దరఖాస్తులు కొన్ని దాని దగ్గరే ఆగాయి కూడా. నేననేది, గట్టు జరిపేవాణ్ణి ఆపండి, కానీ నిజంగా బీడు దున్ని సాగులోకి తెచ్చినవాడికి కౌలు ఇవ్వండి అని. కనిపెట్టేవాడే లేకపోతే మన కంపెనీలు చూసి చేయడానికి ఏముంటుంది?

యల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్నారు. కాకినాడ సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చిన సాయంతో 1923లో అమెరికా వెళ్లారు. ఇక్కడ ఉండిపోయుంటే ఏమయ్యేవారు? అక్కడ లెడర్లీ కంపెనీ ప్రయోగశాలకు పెద్దయ్యారు. ఫోలిక్ యాసిడ్, క్యాన్సరుకు మెథోట్రెక్సేట్, బోదకాలుకు డైఇథైల్ కార్బమజైన్, అన్నీ ఆయన నడిపిన పనే. ఏటా మన గోదావరి ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర అదే కదా. లెడర్లీ ధర్మసత్రం కాదు, పేటెంట్ల మీద లాభం తీసిన కంపెనీ. ఆ లాభమే సుబ్బారావుగారికి ప్రయోగశాల కట్టిపెట్టింది.

మేనమామ: సుబ్బారావుగారి పేరు నువ్వే ఎత్తావు గనక మిగతా కథ నన్ను చెప్పనీ. ఆయన పర్యవేక్షణలోనే డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్ కనిపెట్టాడు. 1948లో బజారుకొచ్చింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. మరి ఆ మందు ఆయన పుట్టిన దేశానికి ఏ ధరకు వచ్చింది? అమెరికా సెనేటులోనే కెఫావర్ అనే ఆయన కమిటీ వేసి మందుల ధరల మీద విచారణ జరిపాడు. ఆరియోమైసిన్ లాంటి మందుల ధరలు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇండియా ఒకటని ఆ కమిటీ 1961 నివేదికలో రాసింది. ఎందుకో తెలుసా? ఇంగ్లీషువాడు 1911లో పెట్టిన పేటెంటు చట్టం మన దగ్గర ఇంకా నడుస్తోంది గనక. భీమవరం మనిషి నడిపిన ప్రయోగశాలలో పుట్టిన మందు, భీమవరంలో జ్వరం వచ్చినవాడికి అందని ధర. సుబ్బారావుగారి కథలో ఈ సగం కూడా పిల్లలకు చెప్పాలి.

మేనకోడలు: ఆ సంగతి నేను చదవలేదు.

మేనమామ: చదువు. ఇంకా అవలేదు. ఆ పేటెంటు చట్టాన్ని పరిశీలించి చెప్పమని కేంద్రం జస్టిస్ రాజగోపాల అయ్యంగార్‌ను అడిగితే ఆయన 1959లో నివేదిక ఇచ్చారు. మన దేశంలో ఇచ్చిన పేటెంట్లలో నూటికి ఎనభై తొంభై విదేశీయులవే. వాటిలో అత్యధికం ఇక్కడ తయారీకే పెట్టలేదు. అంటే చేను కౌలుకు పుచ్చుకుని బీడు పెట్టి, గింజలు మాత్రం మనకు అమ్మారు. ఆ నివేదిక మీదే 1970 చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. మందుకు పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే, అదీ ఏడేళ్లకు మించకుండా. పద్ధతి మార్చి అదే మందు చెయ్యడంలో మనవాళ్లు చెయ్యి తిరిగారు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో రెడ్డి ల్యాబ్స్ పెట్టారు. నాట్కో 1981, హెటిరో 1993. ఆ చట్టం లేకపోతే నీకు హైదరాబాదులో ఉద్యోగమే లేదమ్మా.

మేనకోడలు: ఒప్పుకున్నాను. కానీ ఆ చట్టం బతికినన్నాళ్లూ మనం ప్రపంచానికి కొత్త మందులు ఎన్ని ఇచ్చాం? చౌకగా చేయడం నేర్చుకున్నాం, కనిపెట్టడం నేర్చుకోలేదు. పైగా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక పేటెంట్ల మీద ట్రిప్స్ అనే ఒప్పందం తప్పలేదు. 1995 నుంచి పదేళ్లు గడువు ఇచ్చారు. 2005లో మందులకూ పేటెంట్లు మళ్లీ తెచ్చాం. మన బట్టలు, బియ్యం, సాఫ్టువేరు వాళ్ల బజార్లకు వెళ్లాలి, వాళ్ల పేటెంట్లు మాత్రం మన గుమ్మం తొక్కకూడదు అంటే ఎవరు వింటారు?

మేనమామ: వినరు. వినకపోతే ఏమైందో హెచ్ఐవి రోజుల్లో చూశాం. తూర్పు, పశ్చిమ గోదావరులు రెండూ ఆ జబ్బు ఎక్కువున్న జిల్లాల్లో లెక్క. అప్పట్లో మందులకు ఏడాదికి మనిషికి పదివేల డాలర్ల పైన. షాపుకొచ్చి అడిగినవాడికి పేరు చెప్పడమే గాని కొనమని చెప్పడానికి నోరు వచ్చేది కాదు. 2001 ఫిబ్రవరిలో సిప్లా ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానంది. రోజుకు డాలరు కూడా పడదు. అప్పుడు లోకం కళ్లు తెరిచింది. అదే సమయంలో దక్షిణాఫ్రికా చౌక మందులు తెచ్చుకుంటామని చట్టం చేసుకుంటే, 39 కంపెనీలు కోర్టుకెక్కాయి. లోకమంతా ఛీ కొట్టాక 2001 ఏప్రిల్‌లో కేసు వెనక్కి తీసుకున్నాయి. ఆ నవంబరులోనే దోహాలో, ప్రజారోగ్యం కోసం దేశాలు పేటెంట్లను పక్కన పెట్టుకోవచ్చని అందరూ సంతకం పెట్టారు. మన దేశంలో ఉచిత మందులు 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. తర్వాత ఆఫ్రికాకు ఆ మాత్రలు పంపిన వాటిలో అరబిందో, హెటిరో, మ్యాట్రిక్స్, అన్నీ మన హైదరాబాదు కంపెనీలే. ఇదంతా ఆ పాత చట్టం నీడలో పెరిగిన చెట్టు కాయించిన కాయే.

మేనకోడలు: ఇప్పుడు నా వంతు. ఈ రోజు హెచ్ఐవికి అందరూ వాడే మందు డోలుటెగ్రావిర్. దానికి పేటెంటు ఉంది. అయినా పేద దేశాలకు చౌకగా అందింది. ఎలా? 2010లో పెట్టిన మెడిసిన్స్ పేటెంట్ పూల్ అనే సంస్థ ద్వారా 2014లో లైసెన్సులు ఇచ్చారు. 2017లో మూడు మందులు కలిపిన మాత్ర ఏడాదికి మనిషికి సుమారు 75 డాలర్లకు ప్రకటించారు, అందులో అరబిందో ఉంది. ఆ తర్వాత అది 45 డాలర్ల లోపుకే దిగింది. కేసు లేదు, గొడవ లేదు. పేటెంటు ఉన్నంత మాత్రాన మందు అందదని లేదు మావయ్యా. లైసెన్సు ఎవరికి, ఎన్ని దేశాలకు, ఏ షరతు మీద అన్నదే అసలు ప్రశ్న.

మేనమామ: ఆ ప్రశ్నకు జవాబు రాసేది ఎవరు? కంపెనీయే. హెపటైటిస్ సి మందు సోఫోస్బువిర్ అమెరికాలో మాత్రకు వెయ్యి డాలర్లు, పన్నెండు వారాల కోర్సుకు 84 వేల డాలర్లు. గిలియడ్ 2014లో మన కంపెనీలకు లైసెన్సు ఇచ్చింది, 91 దేశాలకు. బ్రెజిల్, చైనా, థాయ్‌లాండ్ మొదట ఆ జాబితాలో లేవు. ఆ దేశాల్లో పేదవాళ్లు లేరా? దేశం సగటు ఆదాయం కాస్త పెరిగితే అక్కడి కూలివాడు కూడా ధనవంతుడి ధర కట్టాలా? నీ స్వచ్ఛంద లైసెన్సు దయ లాంటిది. దయ ఎప్పుడు ఎవరి మీద కలగాలో మనం చెప్పలేం.

మేనకోడలు: దయ కాదు, భయం కూడా ఉంది. ఆ భయం పెట్టింది మన దేశమే. 2012 మార్చి 9న పేటెంటు కంట్రోలర్ కురియన్, బేయర్ కంపెనీ క్యాన్సరు మందు నెక్సావర్ మీద నాట్కోకు తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటున్న కంపెనీ ఒప్పుకోకపోయినా మందు చేసుకునే అనుమతి, ఇచ్చారు. బేయర్ ధర నెలకు 2,80,428 రూపాయలు. నాట్కో ఇవ్వాల్సిన ధర 8,880. బేయర్‌కు అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ, అప్పీలులో 7 చేశారు. రోగుల్లో నూటికి ఇద్దరికి మించి ఆ మందు అందడం లేదని, ధర జనానికి అందుబాటులో లేదని, మన దేశంలో తయారీ లేదని కారణాలు చూపించారు. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు దాకా అది నిలబడింది.

మేనమామ: చూశావా! నువ్వే చెబుతున్నావు.

మేనకోడలు: పూర్తిగా వినండి. ఆ తర్వాత ఇంకో తప్పనిసరి లైసెన్సు ఇవ్వలేదు. ఇవ్వనక్కర లేకుండానే పని జరిగింది. 2021 మేలో, కోవిడ్ రెండో అల మీదున్నప్పుడు, బారిసిటినిబ్ కోసం నాట్కో దరఖాస్తు పెట్టింది. ఆ నెలలోనే ఎలై లిల్లీ రాయల్టీ కూడా అడగకుండా లైసెన్సు ఇచ్చింది, నాట్కో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. కొరడా గోడకు వేలాడితే చాలు, ప్రతిసారీ ఝళిపించక్కర లేదు. ఎడాపెడా వాడితే ఏ కంపెనీ కొత్త మందు ఇక్కడికి తేదు. ఇప్పటికే కొన్ని మందులు మనకు ఏళ్లు ఆలస్యంగా వస్తున్నాయి.

మేనమామ: వేలాడదీసిన కొరడా ఎలుకలు కొరికేస్తున్నాయమ్మా. మనమే కొరకనిస్తున్నాం. పేటెంటు పుచ్చుకున్నవాడు మందును దేశంలో నిజంగా అమ్ముతున్నాడా, ఎంత తయారుచేస్తున్నాడు అని ఏటా లెక్క చెప్పాల్సి ఉండేది. 2024 మార్చిలో రూల్సు మార్చి దాన్ని మూడేళ్లకోసారి చేశారు. నెక్సావర్ లైసెన్సు వచ్చింది అలాంటి లెక్కల వల్లే గదా? 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకం పెట్టిన ఒప్పందంలో, మందులు అందించడానికి స్వచ్ఛంద లైసెన్సులే మేలైన దారి అని రాసుకున్నాం. అంటే కొరడా తీసే ముందు ముచ్చటగా అడగాలి. అడిగి, బతిమాలి, ఆగి, అప్పుడు.

మేనకోడలు: తప్పనిసరి లైసెన్సు ఇచ్చే అధికారాన్ని ఆ ఒప్పందం తీసెయ్యలేదు. చట్టంలో సెక్షన్ 84 ఉంది, 92 ఉంది, సర్కారే వాడుకునే 100 ఉంది.

మేనమామ: కాగితం మీద ఉంది, చేతిలో లేదు. కోవిడ్‌లో ఏం జరిగింది? 2020 అక్టోబరులో మనమూ దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో పేటెంట్లు కొన్నాళ్లు పక్కన పెట్టండని అడిగాం. 2022 జూన్‌లో వాళ్లు ఇచ్చింది టీకాలకు మాత్రమే, అదీ షరతులతో. సరే, వాళ్లు ఇవ్వలేదు. మన ఇంట్లో మనం ఏం చేశాం? 2021లో సుప్రీంకోర్టే ఈ సెక్షన్లు ఎందుకు వాడకూడదని అడిగితే, వాడితే బెడిసికొట్టొచ్చని కేంద్రం జవాబిచ్చింది. అప్పుడు రెమ్డెసివిర్ కోసం జనం నల్లబజార్లో ఎంతెంత పోశారో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. బయట లోకానికి గట్టిగా చెప్పి, ఇంట్లో నోరు మూసుకున్నాం.

మేనకోడలు: రెమ్డెసివిర్‌కు పేటెంటు అడ్డం రాలేదు మావయ్యా. హెటిరో 2020 జూన్ నుంచే లైసెన్సు మీద చేస్తోంది, ఇంకా ఎన్నో కంపెనీలు చేశాయి. తయారీ తగ్గించుకున్న వేళకు అల మీద పడింది, సరుకు అందలేదు. కేంద్రం కోర్టుకు చెప్పిన మాట కూడా అదే, అసలు ఇబ్బంది ముడిసరుకు అని. అందులో నిజం ఉంది.

మేనమామ: సగం నిజం. ఇదిగో, నేను రోజూ పొద్దున్నే వేసుకునే బీపీ మాత్ర లోసార్టన్. దానికి ఇండియాలో పేటెంటు లేదు, బ్రెజిల్‌లో లేదు. 2008 డిసెంబరులో రెడ్డి ల్యాబ్స్ బ్రెజిల్‌కు పంపిన లోసార్టన్ 570 కిలోల సరుకు నెదర్లాండ్స్ మీదుగా పోతుంటే అక్కడి కస్టమ్స్ పట్టుకుంది. ఎందుకు? నెదర్లాండ్స్‌లో పేటెంటు ఉందట! సరుకు ఆ దేశంలో దిగదు, అక్కడ అమ్మరు, దారిన పోతోంది అంతే. చివరికి బ్రెజిల్ చేరలేదు, వెనక్కి ఇండియాకే వచ్చింది. మన దేశం 2010లో వాణిజ్య సంస్థలో ఫిర్యాదు పెట్టాక గాని వాళ్లు దిగిరాలేదు. అమ్మేవాడి ఊళ్లో లేని పేటెంటు, కొనేవాడి ఊళ్లో లేని పేటెంటు, దారి మధ్య ఎవరి ఊళ్లోనో ఉందని మందు ఆగిపోయింది. ఇదీ వాణిజ్య నియమం అంటే.

మేనకోడలు: అది తప్పే. దాన్ని సమర్థించే పేటెంటు ఏజెంటు కూడా ఎవరూ ఉండరు. సరే మావయ్యా, ఇప్పుడు మీ షాపులోకి రండి. మీ అరల్లో ఉన్న మందుల్లో పేటెంటు ఉన్నవి ఎన్ని?

మేనమామ: ఏవో కొన్ని. నూటికి తొంభై పైన గడువు తీరినవే.

మేనకోడలు: మరి జనం ఎందుకు కొనలేకపోతున్నారు? ఒకే పారాసిటమాల్, ఒకే మెట్‌ఫార్మిన్, ఇరవై బ్రాండ్లు, ఇరవై ధరలు. జన ఔషధి కేంద్రంలో అదే మందు అంతకు ఎంతో తక్కువ. డాక్టరు చీటీ మీద బ్రాండు పేరు రాస్తాడు, కంపెనీ ఆయన్ని చూసుకుంటుంది, మీ షాపు మార్జిన్ మీది. 2019 ఫిబ్రవరిలో 42 క్యాన్సరు మందుల మీద వ్యాపార మార్జిన్ 30 శాతానికి మించకూడదని కేంద్రం కట్టడి చేసింది. అంతకుముందు ఎంతెంత వేసేవారో ఆ ఉత్తర్వే చెబుతోంది. ఆ మందుల్లో చాలావాటికి పేటెంటు లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాన్ని తిట్టడం తేలిక, మన గల్లాపెట్టె తెరిచి చూడటం కష్టం.

మేనమామ: ధర కట్టడి ఉన్న మందు మీద మాకు దక్కేది 16 శాతం. దాంట్లోనే అద్దె, కరెంటు, ఫార్మసిస్టు జీతం. పెద్ద మార్జిన్లు ఉన్నది ఆస్పత్రుల లోపల షాపుల్లో. అయినా నువ్వన్నదాంట్లో నిజం ఉంది. బ్రాండు మందు చేతిలో పెట్టి అమ్మేటప్పుడు, చౌకది ఉందని మేమంతా చెప్పం. కాకపోతే రెండు జబ్బులూ వేరు. గడువు తీరిన మందు ధరకు మన రాష్ట్రం, మన దేశం మందు వెయ్యగలవు. ఆరు లక్షల సీసాకు వెయ్యలేవు. క్యాన్సరు, నరాల జబ్బు, లొంగని క్షయ, ఈ కొత్త మందులన్నీ పేటెంటు కిందే పుడుతున్నాయి. రేపు మన షాపుల్లోకి వచ్చేవి అవే.

మేనకోడలు: ఇంకొకటి. పెన్సిలిన్‌కు ఎవరి పేటెంటూ లేదు, ఏనాడో పోయింది. మరి దాని ముడిసరుకు మన దేశం చైనా నుంచి తెచ్చుకుంది, ఏళ్ల తరబడి. మన ప్లాంట్లు మూతపడ్డాయి, ఐడీపీఎల్ సంగతి మీకు తెలుసు. ఇప్పుడు పిఠాపురానికి దగ్గర్లోనే తొండంగి తీరాన అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ పెన్సిలిన్-జి ప్లాంటు పెట్టింది, కేంద్రం ప్రోత్సాహకాల పథకం కింద, ఏడాదికి 15 వేల టన్నుల లెక్కన. మందు అందాలంటే పేటెంటు ఒక్కటే కాదు, మన నేల మీద తయారీ కూడా కావాలి.

మేనమామ: కావాలి. అదే తీరంలో మందుల ఫ్యాక్టరీ వద్దని 2016లోనూ 2020లోనూ మత్స్యకారులు రోడ్డెక్కారు, వాళ్ల చేపల పిల్లలు, రొయ్యల హేచరీలు ఏమైపోతాయని. దేశానికి చౌక మందు ఇస్తున్నామని ఉప్పాడ గంగపుత్రుడి సముద్రాన్ని పాడుచేస్తే, ఆ లెక్క కూడా ధరలో కలిపి చూడాలి. ఇది వేరే రోజు మాట్లాడుకుందాం. ముందు ఇది చెప్పు. పేటెంటు లేకపోతే పరిశోధన ఆగిపోతుందన్నావు. పేటెంటు తప్ప వేరే దారి లేనే లేదా?

మేనకోడలు: ఉంది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ మన హైదరాబాదుదే. పిల్లల విరేచనాలకు రోటావ్యాక్ టీకా. ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ 1980ల్లో పట్టిన వైరస్ రకం అది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డబ్బు పెట్టింది, అమెరికా ప్రభుత్వ సంస్థలు, గేట్స్ ఫౌండేషన్ చెయ్యి వేశాయి, భారత్ బయోటెక్ తయారుచేసింది. ముందే ఒప్పందం, డోసు ఒక డాలరు. 2015లో విడుదలైంది, 2016లో ఉచితంగా వేయడం మొదలైన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పరిశోధన ఖర్చు ప్రజలే ముందు పెట్టారు గనక, ఆ ఖర్చును ధరలో రాబట్టుకోవలసిన అవసరం రాలేదు.

మేనమామ: ఇదే, ఇదే నేను అడిగేది. కనిపెట్టినవాడికి కూలి దక్కాలి, నేనూ ఒప్పుకుంటాను. ఆ కూలి మూల ఊళ్లో రోగి ఇల్లమ్ముకుని కట్టాలా, దేశం ఖజానా కట్టాలా అన్నదే నా తగువు.

మేనకోడలు: అక్కడ మనిద్దరికీ తగువు లేదు. కాకపోతే ఖజానా ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. అందాకా పేటెంటు చట్టమే ఉన్న సాధనం. దాన్ని పారేద్దామని మీరనకండి, ముట్టుకోవద్దని నేననను.

మేనమామ: మరి ముట్టుకునేది ఎవరు? నాట్కోకు లాభం కనబడితే కోర్టుకు వెళుతుంది. లాభం లేని మందుకు ఎవరు వెళతారు?

మేనకోడలు: రోగులు వెళతారు. లొంగని క్షయకు వాడే బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ గడువు పొడిగించేలా ఇంకో పేటెంటు అడిగింది. క్షయ నుంచి బయటపడ్డ ఇద్దరు మహిళలు, మన దేశపు నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా ఫుమెజా టిసిలే, ముంబయి పేటెంటు ఆఫీసులో అభ్యంతరం పెట్టారు. 2023 మార్చిలో ఆ దరఖాస్తు తిరస్కరించారు. జులైలో పాత పేటెంటు గడువు తీరింది, మందు చేసే దారి మన కంపెనీలకు తెరుచుకుంది.

మేనమామ: మీ కంపెనీల తరఫున ఇలాంటివి ఎదుర్కొనేది నువ్వే కదూ?

మేనకోడలు: నేనే. అయినా చెబుతున్నాను. నా దరఖాస్తు నిఖార్సైనదైతే అభ్యంతరానికి నిలబడుతుంది. నిలబడకపోతే దానికి కౌలు దక్కకూడదు. అడగనిదే అమ్మయినా పెట్టదు మావయ్యా. ధర దిగిన ప్రతిచోటా ఎవరో ఒకరు అడిగారు, రోగులో, కంపెనీయో, కోర్టో, దేశమో. ఎవరూ అడగని చోట దిగలేదు.

మేనమామ: అయితే నా మాటా రాసుకో. ఏటా లెక్క చెప్పే నిబంధన మళ్లీ తేవాలి. ఇతర దేశాలతో రాసుకునే ఒప్పందాల్లో మన చట్టంకంటే కట్టుబడి ఎక్కువ ఒప్పుకోకూడదు. ప్రజల డబ్బుతో పుట్టిన మందుకు ధర ముందే తేల్చుకోవాలి. జనానికి గండం వచ్చినప్పుడు సెక్షన్ 92 కాగితంలోంచి బయటకు రావాలి.

మేనకోడలు: ఆ చివరిది అన్నిటికంటే ముందు రాయండి. దేశంలో ఇప్పటిదాకా ఇచ్చిన తప్పనిసరి లైసెన్సు ఒక్కటే, 2012లో నెక్సావర్ మీద. సెక్షన్ 92 కింద ఒక్కటీ లేదు. ఇక పేటెంటు ఇచ్చేలోగా అభ్యంతరం చెప్పడానికి కంపెనీ అయి ఉండక్కర లేదు, లాయరు అయి ఉండక్కర లేదు. సెక్షన్ 25(1) ప్రకారం రోగి చెప్పొచ్చు, రోగి తల్లి చెప్పొచ్చు, పిఠాపురంలో మందుల షాపు నడిపిన మీరూ చెప్పొచ్చు.